చేన్లకు పందులు, లక్షన్నర బడ్జెట్ – బోల్ట్ రైఫిల్ ఏది తీసుకోవాలె?

చందంపేట_రైతు | జూలై 9, రాత్రి 9:40

అన్నలందరికీ నమస్తే. మాది నల్లగొండ జిల్లా చందంపేట దిక్కు. నాలుగెకరాలు మక్క, రెండెకరాలు పత్తి, యాసంగిల బోరు కింద పల్లి ఏస్త. పోయిన యాసంగిల సరిగ్గ కాయ ముదిరే టైముకు ఒక్క రాత్రిల పందుల మంద పడ్డది. పొద్దుగాల పోయి చూస్తే అరెకరం ట్రాక్టర్ పెట్టి దున్నినట్టే ఉన్నది. తిన్నది తక్వ, తవ్వి పారేసింది ఎక్వ.

మంచె మీద పండుకున్నం, డబ్బాలు కొట్టినం, పటాకలు కాల్చినం, చేను సుట్టు పాత చీరెలు కట్టినం. వారం దినాలు భయపడ్డయ్. తర్వాత ఆ చీరెల కిందికెల్లే దూరి వచ్చినయ్.

ఇగ ఒక మంచి బోల్ట్ యాక్షన్ రైఫిల్ (చేతితోని పిడి గుంజి ఒక్కో తూటా ఎక్కించేది) కొనాలె అనుకుంటున్న. కొత్తదే కావాలె, సెకండ్ హ్యాండ్ వద్దు. లక్షన్నర దాక పెడ్త. తూటా సైజు 315 బోర్ మంచిదా, థర్టీ ఆట్ సిక్స్ (.30-06) మంచిదా? స్కోపు (గురి చూసే దుర్బిని) పెట్టొచ్చా? లైసెన్సుకు ఇంకా పెట్టలే, తుపాకి ఏదో ఖాయం చేసుకొని పెడ్త. తెలిసినోళ్లు జర చెప్పున్రి.

దేవరకొండ_పిలగాడు | జూలై 9, రాత్రి 9:52

అన్నా, ఫస్ట్ పంది పడ్డంక దావత్ కు మమ్ముల పిలువు. మిగిలిన ముచ్చట్లు తర్వాత.

పాలమూరు_టు_డాలస్ | జూలై 9, రాత్రి 11:15

తమ్మీ, నేను జడ్చర్ల పక్కోణ్ని, తొమ్మిదేండ్ల సంది టెక్సస్ ల ఉంటున్న. ఈడ కూడ అడవి పందుల గోసే. నీ బడ్జెట్ అంటే డాలర్లల్ల పదిహేడు, పద్దెనిమిది వందలు. ఆ పైసలకు ఈడ దుకాణంల నిలవడితే ఏది వద్దనాల్నో తెల్వదు.

తక్వలో తక్వ సావేజ్ యాక్సిస్. దాని మీద రూగర్ అమెరికన్, 2012 ల వచ్చింది. బోల్ట్ 70 డిగ్రీలు లేపితే చాలు, అంటే హ్యాండిల్ పోయి స్కోపుకు తగలదు. ట్రిగ్గర్ బరువు మనమే తగ్గించుకోవచ్చు. పైస ఎక్వ పెడ్తే ఫిన్లాండ్ల సాకో కంపెనీ చేసే టిక్కా టీ3ఎక్స్. దాని బోల్ట్ నూనె పోసిన బండి ఇరుసు లెక్క నడుస్తది. హోవా 1500 జపాన్ది, బరువు ఎక్వ గని ఏండ్లకేండ్లు పని చేస్తది.

నా మాటైతే రైఫిల్ మీద మొత్తం పెట్టకు. సగం పైసలు రైఫిల్ కు, ఇంకో సగంల స్కోపు, దాని రింగులు, ప్రాక్టీసు తూటాలు. వెయ్యి డాలర్ల రైఫిల్ మీద యాభై డాలర్ల స్కోపు పెట్టినోణ్ని చూసిన. నాలుగు తూటాలకు అద్దం లోపలి గీత పక్కకు జరిగింది, తప్పంత రైఫిల్ ది అని తిడుతుండె. కొనేముందు భుజానికి ఆనిచ్చి కండ్లు మూసుకో, తెరిచేసరికి కన్ను సక్కగ స్కోపు నడుమకు రావాలె. మెడ సాపాల్సి వస్తే ఆ తుపాకి కర్ర నీకు సరిపోయేది కాదు.

క్యాలిబర్ (తూటా సైజు) అంటవా, పందికి 308 మస్తు. థర్టీ ఆట్ సిక్స్ అయినా సరే. 6.5 క్రీడ్‌మూర్ ఇప్పుడు అందరు అంటున్నరు, దెబ్బ భుజానికి తక్వ.

అచ్చంపేట_కాక | జూలై 10, ఉదయం 6:05

డాలస్ బాబు చెప్పినయన్ని నిజమే, గని గవన్ని ఆడనే. ఈడికి ఒక్కటి రాదు. విదేశీ తుపాకులు మామూలు మనిషి తెప్పించుకునుడు 1980ల నడుమల్నే బందు అయింది. ఇప్పుడు పేరున్న షూటర్లకు, షూటింగ్ సంఘాలకు తప్ప దిగుమతి లేదు. మన దేశంల తిరిగే బ్రెనో, బీఎస్ఏ, మౌజర్ విదేశీ రైఫిళ్లన్ని తాతల కాలం నాటియి, చేతులు మారుకుంట వస్తున్నయ్. అందుకే వాటి ధర తుపాకి ధర కాదు, కరువు ధర.

కొత్తది అంటే ఎక్వగ సర్కారు ఫ్యాక్టరీదే. బెంగాల్ల ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ. 2021 అక్టోబర్ల ఆర్డ్‌నెన్స్ బోర్డును (సర్కారు ఆయుధ ఫ్యాక్టరీల బోర్డు) ఏడు కంపెనీలు చేసిన్రు, ఇషాపూర్ ఇప్పుడు కాన్పూర్ల ఉన్న అడ్వాన్స్‌డ్ వెపన్స్ కంపెనీ కింద ఉన్నది. డీలర్లు మాత్రం ఇంకా పాత పేరు ఐఓఎఫ్ (ఇండియన్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ) అనే అంటరు.

మా నాయిన 315 నా దగ్గర ఉన్నది, వారసత్వం కింద నా పేరున చేయించుకున్న. అది ఎట్లుంటదంటే, పాత లీ ఎన్‌ఫీల్డ్ తీరు. బోల్ట్ వెనుకకు గుంజి ముందలికి నూకేటప్పుడు చివర్ల గట్టిగ తగుల్తది, అప్పుడే స్ప్రింగు ఎక్కుతది. కొత్తోళ్లు తుపాకి ఇరుక్కపోయింది అనుకుంటరు. ఇరుక్కపోలే, దాని గుణమే అంత. తూటా ఆస్ట్రియా మాన్లికర్ 8 మిల్లీమీటర్లది. బ్రిటిషోళ్లు తమ ఫౌజు తూటా 303 జనం చేతుల పడొద్దని సివిల్ జనానికి ఇయ్యలే. అట్ల ఈ 315 మన దేశంల పాతుకపోయింది. ఆ కంచె ఇంకా అట్లనే ఉన్నది సూడు, 303 ఇప్పటికీ నిషేధిత బోరే, మామూలు జనానికి ఇయ్యరు. డాలస్ బాబు చెప్పిన 308 అన్నా మన ఫౌజు 7.62 తూటాకు అన్నదమ్ముల వరుస, దాని జోలికి పోకు.

థర్టీ ఆట్ సిక్స్ గూడ ఇషాపూర్ చేస్తది. తూటా తేలిక, వేగం ఎక్వ, దూరం సక్కగ పోతది. నిజం చెప్తున్న, కాగితం మీద చూస్తే అదే మంచిది. గని తూటాల సంగతి అడగక ముందే తుపాకి కొనకు. 315 తూటా ఏ డీలర్ దగ్గరకు పోయినా దొరుకుతది. థర్టీ ఆట్ సిక్స్ కు మొన్న మా దోస్తు హైదరాబాదుకు మూడు తాపలు తిరిగిండు. తూటా లేని రైఫిల్ రోకలిబండ కన్న అధ్వానం, రోకలిబండ తోటి కారమన్న దంచొచ్చు.

స్కోపు ముచ్చట: నా పాతదానికి స్కోపు బిగించే బొక్కలే లేవు. కొత్తవాటికి ఎట్లున్నదో డీలర్ దగ్గర చేతిల పట్టుకొని చూడు. ఇంట్ల డ్రిల్లింగ్ మిషన్ పెట్టి బొక్క కొట్టుడు మాత్రం చెయ్యకు, తుపాకి కరాబు, లైసెన్సు కరాబు.

చందంపేట_రైతు | జూలై 10, ఉదయం 7:20

కాక, మస్తు చెప్పినవ్. అయితే 315 ఖాయం చేసుకుంట. దాంతోని ఎంత దూరం కొట్టొచ్చు?

రిటైర్డ్_హవల్దార్ | జూలై 10, మధ్యాహ్నం 1:30

నేను సూర్యాపేట వాణ్ని. పదిహేడేళ్లు ఫౌజులో చేశాను, మొదట ఎస్ఎల్ఆర్ రైఫిల్, తర్వాత ఇన్సాస్ రైఫిల్. మీరు ఎంత దూరం కొట్టొచ్చు అని అడిగారు. నేను ఇంకోటి అడుగుతాను. తప్పిన తూటా ఎక్కడికి పోతుంది?

315 తూటా 244 గ్రెయిన్లు, అంటే పదహారు గ్రాములకు కొంచెం తక్కువ. గొట్టం నుంచి బయటికి వచ్చేటప్పుడు దాని బలం రెండున్నర వేల జౌళ్ల పైమాటే. పంది పక్క నుంచి జారిపోతే కిలోమీటర్లు పోతుంది. మీ చేను పక్క చేన్లో ఇంకో రైతు మంచె మీద ఉంటాడు కదా? బోరు మోటారు పెట్టడానికి రాత్రి రెండింటికి లేచి గట్టు మీద నడిచే మనిషి ఉంటాడు కదా? పంది కూడా చీకట్లోనే వస్తుంది, మనిషీ చీకట్లోనే తిరుగుతాడు.

మంచె మీద నుంచి కిందికి కొడతాం, నేల పట్టుకుంటుంది అంటారు చాలామంది. లెక్క వేసి చూడండి. మంచె మీద కూర్చుంటే మీ కన్ను నేల నుంచి నాలుగు మీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. ఇరవై మీటర్ల దూరంలో ఉన్న పందిని కొడితే తూటా పదకొండు డిగ్రీల వాలుతో దిగుతుంది. అరవై మీటర్ల దూరంలో ఉంటే నాలుగు డిగ్రీలు కూడా ఉండదు. అంత చిన్న వాలులో గట్టి నేలకు తగిలిన తూటా దిగబడదు, చెరువులో బిళ్ల విసిరినట్టు ఎగిరిపోతుంది. పైగా మన నల్లగొండ చేన్లల్లో ఎక్కడ చూసినా రాతిగుండ్లే. గుండుకు తగిలి పక్కకు లేచిన తూటా ఎటు పోతుందో మా ఉస్తాదులు కూడా చెప్పలేరు.

ఫౌజు రేంజిలో వెనుక తూటాను ఆపే మట్టికట్ట లేకుండా ఒక్క రౌండు కాల్చనివ్వరు. మీ చేన్లో మట్టికట్ట ఎక్కడుందో పగటిపూట పోయి చూసుకోండి. లేకపోతే రైఫిల్ మీ పనికి వచ్చే వస్తువు కాదు. పన్నెండు బోరు గన్ను, దాని ఎల్‌జీ రకం పెద్ద సీసపు గుండ్లు అయితే దూరం తక్కువ, అందుకే ఊరి పక్కన కొంత నయం. కొంత మాత్రమే.

దేవరకొండ_పిలగాడు | జూలై 10, మధ్యాహ్నం 2:02

హవల్దార్ సాబ్, నేను ఇంటర్ల ఎన్‌సీసీల పాయింట్ ట్వెంటీటూ కాల్చిన. ఐదు తూటాలల్ల ఒకటి పక్కోని టార్గెట్ ల పడ్డది. వానికి ఆరు మార్కులొచ్చినయ్.

ఒక_సభ్యుడు | జూలై 10, సాయంత్రం 4:18

[ఈ పోస్టు తొలగించబడింది]

నిర్వాహకుడు | జూలై 10, సాయంత్రం 4:40

చేను చుట్టూ కరెంటు తీగ పెట్టమని రాసిన పోస్టు తీసేశాను. అది నేరం. అంతకంటే ముందు, ఆ తీగలకు పందుల కన్నా మన మనుషులే, మన ఎడ్లే బలవుతున్నాయి. ఈ వేదికలో అది ఇంకోసారి రాస్తే ఖాతా ఉండదు. సోలార్ ఫెన్సింగ్ గురించి మాట్లాడేవాళ్లు మాట్లాడొచ్చు, అది వేరే విషయం.

కల్వకుర్తి_వకీలు | జూలై 10, రాత్రి 8:55

మూడు పేజీల చర్చ అయ్యేలోపు ఎవరో ఒకరు ఇది చెప్తారని చూశాను. నేనే చెప్తాను. తుపాకి లైసెన్సు వేరు, పందిని చంపే అనుమతి వేరు. రెండింటినీ ఒకటి అనుకొని జైలు చూసినవాళ్లు నా దగ్గరకు వస్తుంటారు.

ముందు లైసెన్సు. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్, మూడో సబ్ సెక్షన్ చదవండి. పంట కాపలాకు అని దరఖాస్తు పెడితే చట్టం పేరు పెట్టి చెప్పింది మజిల్ లోడింగ్ గన్ను, అంటే గొట్టం మూతి నుంచి మందు దట్టించే మన భర్మార్. భర్మార్ చాలదు అని అధికారికి నమ్మకం కలిగితే ఇంకేదైనా స్మూత్ బోర్ గన్ను ఇవ్వొచ్చు అని మినహాయింపు ఉంది. స్మూత్ బోర్ అంటే గొట్టం లోపల గాడులు లేనిది, మీ పన్నెండు బోరు. రైఫిల్ అందులోకి రాదు. రైఫిల్ కావాలంటే ఇదే సబ్ సెక్షన్ బీ క్లాజు కింద సరైన కారణం చూపించి వేరే అడగాలి. "పందులొస్తున్నాయి" అని రాసి 315 అడిగితే, పందులకు చట్టం చెప్పింది ఇది కాదు కదా అని ఫైలు అక్కడే ఆగుతుంది.

ఇక చంపే సంగతి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఈ దేశంలో వేట లేదు. సరదాకు లేదు, మాంసానికి లేదు. అడవి పంది ఇదివరకు ఆ చట్టంలో మూడో షెడ్యూలులో (జంతువుల జాబితాలో) ఉండేది, 2022 సవరణ తర్వాత రెండో షెడ్యూలు. ఆ జంతువు మనిషికి గానీ ఆస్తికి గానీ ప్రమాదంగా మారితే 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ (రాష్ట్ర వన్యప్రాణి ముఖ్య అధికారి) గానీ, ఆయన అధికారం ఇచ్చినవారు గానీ రాతపూర్వకంగా, కారణాలు చూపించి ఆర్డరు ఇవ్వొచ్చు. నిలబడి ఉన్న పంట కూడా ఆస్తి కిందకే వస్తుంది, ఆ మాట చట్టంలోనే ఉంది. మన రాష్ట్రంలో అలా ఆర్డర్లు వచ్చినప్పుడు ప్యానెల్లో ఉన్న షూటర్లు వచ్చి కొట్టారు. రైతు చేయాల్సింది అర్జీ పెట్టుకోవడం, పంటనష్టం ఫొటోలు పెట్టుకోవడం.

దేవరకొండ పిలగాడికి: దావత్ లేదు. అలా చంపిన జంతువు 39వ సెక్షన్ ప్రకారం సర్కారు ఆస్తి. కూర వండితే కేసు.

దేవరకొండ_పిలగాడు | జూలై 10, రాత్రి 9:01

వకీల్ సాబ్ ఉప్పు కారం అన్ని పారబోసిండు.

చందంపేట_రైతు | జూలై 10, రాత్రి 10:30

సార్, మీరు చెప్పింది సమజైంది గని కడుపు మండుతున్నది. పంది నా చేన్లకు వస్తే అది సర్కారుది. అది తిన్న పల్లి మాత్రం నాది. నేను ఎవరికి పోయి అర్జీ పెట్టాలె? పోయిన ఏడాది ఒక ఆఫీసుకు పోతే రేపు రా అన్నరు, రేపు పోతే సార్ క్యాంపుకు పోయిండు అన్నరు. అయిదు తాపలు బస్సు కిరాయి పెట్టుకొని పోయిన. ఆ కోపం మీదనే ఈ రైఫిల్ ఆలోచన వచ్చింది, నిజం చెప్తున్న.

కల్వకుర్తి_వకీలు | జూలై 11, ఉదయం 9:10

మీ కోపం న్యాయమే. దాన్ని కాగితం మీద పెట్టండి. వ్యవసాయ విస్తరణ అధికారితో నష్టం రాయించి, ఫొటోలు పెట్టి, అటవీ రేంజి ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. నోటిమాటకు విలువ లేదు, ఇన్‌వార్డు ముద్రకు ఉంది. పంటనష్ట పరిహారం కూడా ఆ దారిలోనే వస్తుంది.

ఇంకో మాట అడగాలి. చందంపేట అన్నారు. మీ ఊరికి అడవి బౌండరీ ఎంత దూరం?

చందంపేట_రైతు | జూలై 11, ఉదయం 9:45

మా చేను నుంచి అడవి కనవడ్తది సార్. నాలుగు కిలోమీటర్లు ఉంటదేమో. కంబాలపల్లి రేంజి.

కల్వకుర్తి_వకీలు | జూలై 11, ఉదయం 10:20

అదే నేను భయపడింది. అది ఆమ్రాబాద్ పులుల అభయారణ్యం పరిధి, 2,611 చదరపు కిలోమీటర్లు. నాగర్‌కర్నూల్, నల్లగొండ రెండు జిల్లాల్లో ఉంది. వన్యప్రాణి చట్టం 34వ సెక్షన్ చూడండి. శాంక్చువరీకి, అంటే అభయారణ్యానికి, పది కిలోమీటర్ల లోపల ఉన్నవాళ్లకు కొత్త ఆయుధాల లైసెన్సు ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందుగా ఒప్పుకోవాలి. రైఫిలే కాదు, పన్నెండు బోరుకూ అంతే. ఇప్పటికే లైసెన్సు ఉన్నవాళ్లు కూడా ఆయన దగ్గర నమోదు చేసుకోవాలి. లైసెన్సు చేతిలో ఉన్నా, రాతపూర్వక అనుమతి లేకుండా తుపాకి పట్టుకొని శాంక్చువరీలో అడుగు పెట్టడం 31వ సెక్షన్ కింద నేరం. పందిని తరుముకుంటూ బౌండరీ దాటారనుకోండి, మీరు రైతు కాదు, పులుల అడవిలో తుపాకితో దొరికిన మనిషి.

అచ్చంపేట_కాక | జూలై 11, ఉదయం 11:00

గది నిజం. నాది అచ్చంపేట, నేను గూడ రిజిస్టర్ చేయించిన. 1983 ల ఈ అడవి ప్రాజెక్టు టైగర్ కిందికి వచ్చినప్పటి సంది ఈడ తుపాకి ఉన్నోడు అంటే ఫారెస్టోళ్ల కండ్లు వాని మీదనే. తప్పు పట్టను, ఒకప్పుడు వేటగాండ్లు జీపులేసుకొని వచ్చి చేసిన పనులు మా నాయిన చెప్తుండె.

ఒక ముచ్చట ఎవరు చెప్తలేరు. తుపాకి ఇంట్ల పెట్టుకునుడు అంటే పిల్లను పెంచినంత పని. ఎలక్షన్ వచ్చిందంటే ఠాణాల జమ చెయ్యాలె. 2023 ల అసెంబ్లీ, 2024 ల పార్లమెంటు, రెండు మాట్ల నా 315 ఠాణా అల్మారల పండుకున్నది. మల్ల తెచ్చుకొని చూస్తే గొట్టంల తుప్పు చుక్కలు. వానకాలం తోలు సంచిల పెట్టకున్రి, తోలు చెమ్మ పట్టి ఇనుమును తింటది. బోల్ట్ తీసేసి వెనుక దిక్కు నుంచే బ్రష్ తోలాలె, ముందల నుంచి తోలితే గొట్టం మూతి కాడి గాడులు అరుగుతయ్, ఇగ గురి పోతది. తెల్వక మా నాయిన పదేండ్లు ముందల నుంచే తోలిండు. ఇప్పుడు యాభై మీటర్ల మీద అది బత్తాయి కాయంత జాగలో కూడ కలిపి కొట్టదు.

నల్లగొండ_షూటర్ | జూలై 11, సాయంత్రం 6:15

ఇన్ని పోస్టుల్లో ఒక్కరూ నేర్చుకోవడం గురించి రాయలేదు. 2016 ఆయుధాల నిబంధనల్లో లైసెన్సుకు ముందు శిక్షణ సర్టిఫికెట్ ఉంది. అది మొక్కుబడిగా తీసుకునే కాగితం కాదు. నేను గచ్చిబౌలి రేంజిలో నాలుగేళ్లుగా కాలుస్తున్నాను, మొదటి ఆరు నెలలు ఎయిర్ రైఫిలే.

రైతన్నా, రైఫిల్ మీద నిజంగా మనసు పడితే ఒక దారి ఉంది. 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్, 20 జౌళ్ల లోపు ఉంటే లైసెన్సు అక్కర్లేదు. మన దేశంలో ప్రెసిహోల్ లాంటి కంపెనీలు చేస్తున్నాయి, మీ బడ్జెట్‌లో నాలుగో వంతు కూడా కాదు. దాంతో కాగితం టార్గెట్ మీద ఊపిరి, ట్రిగ్గర్ రెండూ నేర్చుకుంటారు. దాంతో పందిని కొట్టకండి, పంది చావదు, గాయపడి మనుషుల మీదికి రావొచ్చు, కేసు కూడా మీదే. తర్వాత క్లబ్బులో సభ్యత్వం తీసుకుంటే టార్గెట్ ప్రాక్టీసుకు పాయింట్ ట్వెంటీటూ బోల్ట్ రైఫిల్‌కు అదే 13వ సెక్షన్‌లో వేరే దారి ఉంది. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే.

రిటైర్డ్_హవల్దార్ | జూలై 11, సాయంత్రం 7:00

బాగా చెప్పారమ్మా. రిక్రూట్లకు మేం మొదట పదిహేను రోజులు తూటా ఇచ్చేవాళ్లం కాదు. గొట్టం చివర రూపాయి బిళ్ల నిలబెట్టి ట్రిగ్గర్ నొక్కించేవాళ్లం. బిళ్ల పడితే మళ్లీ మొదటి నుంచి.

పాలమూరు_టు_డాలస్ | జూలై 12, ఉదయం 8:30

నేను ఉత్సాహంల దుకాణం మొత్తం దింపిన, మాఫ్ చెయ్యి తమ్మీ. ఈడ సంగతి వేరే. టెక్సస్ ల 2019 సెప్టెంబర్ సంది భూమి యజమాని ఒప్పుకుంటే పందుల వేటకు హంటింగ్ లైసెన్సే అక్కర్లేదు. ఈడ పంది బయటి నుంచి వచ్చి పెరిగిన జంతువు, వాళ్ల అడవిది కాదు. మన దగ్గర అది అడవి పుట్టినప్పటి సంది ఉన్నది, పులికి తిండి.

ఇంకో తమాష చెప్త. పందికి లైసెన్సు అక్కర్లేదు అన్న కదా, నాకు మాత్రం కావాలె. ఎందుకంటే నేను హెచ్1బీ మీద ఉన్న. వీసా మీద ఉన్నోళ్లు తుపాకి ముట్టొద్దని కేంద్ర చట్టం, హంటింగ్ లైసెన్సు ఉన్నోళ్లకు అండ్లకెల్లి మినహాయింపు. గందుకే పంది కోసం కాదు, నా కోసం ఏడాదికోసారి కొంట. మన పోరగాండ్లు ఈడికి వచ్చి ఇది తెల్వక దోస్తు తుపాకి పట్టుకొని ఫొటోలు దిగుతరు. వీసా పోతదిర నాయినా.

దేవరకొండ_పిలగాడు | జూలై 12, ఉదయం 8:41

అంటే మా అన్న ఈడ కొనలేడు, నువ్వు ఆడ కాగితం లేకుంట పట్టలేవు. పందులే లక్కీ.

అచ్చంపేట_కాక | జూలై 12, మధ్యాహ్నం 12:10

పిలగా, నవ్వులాట కాదు. ఊర్లల్ల ఇన్ని కాగితాలు చూసి విసుగొచ్చే నాటు తుపాకి దిక్కు పోతరు. లైసెన్సు లేని తుపాకి దొరికితే 2019 సవరణ తర్వాత తక్వలో తక్వ రెండేండ్లు, ఐదేండ్ల దాక. పైపు పగిలి ఏండ్లు పోయినోళ్లు మా మండలంల ఇద్దరున్నరు.

రైతు తమ్మీ, నాకైతే నీకు రైఫిల్ మీద మోజు లేదు, పల్లి మీద ప్రేమ ఉన్నది. కుసుమ ఏసి చూసినవా? రాజేంద్రనగర్ల పంటలకు ఎలుకలు, పందులు, పిట్టల మీద పరిశోధన చేసేటోళ్లున్నరు. వాళ్లు చెప్పేది పల్లి చేను సుట్టు కుసుమ, మక్క సుట్టు ఆముదం. కుసుమ ముండ్లు పంది మూతికి గుచ్చుకుంటయ్. ఆముదం వాసన, రుచి దానికి పడది. వరుసలు దగ్గర దగ్గర పెట్టాలె, సందు ఇస్తే అండ్లకెల్లే దూరుతది. మా అల్లుడు రెండేండ్ల సంది ఏస్తున్నడు. పందులు మొత్తం పోయినయ్ అని చెప్ప, గని పక్కోని చేన్లకు పోతున్నయ్. పక్కోడు తిడుతున్నడు, అది వేరే లొల్లి.

చందంపేట_రైతు | జూలై 12, రాత్రి 9:30

కాక, మక్కకు ఆముదం ఈ ఏడు కుదరది. యాసంగి పల్లికి కుసుమ చూస్త. పన్నెండు బోరుకు గూడ దరఖాస్తు పెడ్త, వచ్చిన రోజు వస్తది. 315 ముచ్చట ఇడిసిపెట్టిన. హవల్దార్ సార్ చెప్పినంక చేను సుట్టు తిరిగి చూసిన, ఒక్క దిక్కు గూడ మట్టికట్ట లేదు. తూర్పుకు తండ, పడమరకు రోడ్డు, ఉత్తరానికి గుండ్లు. దక్షిణానికి మా బామ్మర్ది మంచె.

దేవరకొండ_పిలగాడు | జూలై 12, రాత్రి 9:36

బామ్మర్ది దిక్కు అయితే ఆలోచించొచ్చు.

చందంపేట_రైతు | డిసెంబర్ 18, రాత్రి 8:15

పాత చర్చను పైకి తెస్తున్న, ఏమైందని కొందరు అడిగిన్రు.

దరఖాస్తు ఆన్‌లైన్ల పెట్టిన. పోలీసు ఎంక్వైరీ అయింది. వకీల్ సార్ చెప్పినట్టే ఫైలు అటవీ శాఖ ఒప్పుదల కోసం ఆగింది, ఇంకా కదల్లే. ఫొటోలు, ఇన్‌వార్డు ముద్ర పెట్టి నష్టం అర్జీ గూడ ఇచ్చిన. ఈ తాప రేపు రా అనలే, రసీదు ఇచ్చిన్రు.

కుసుమ పల్లితోనే అక్టోబర్ల పెట్టిన, సుట్టు నాలుగు వరుసలు. ఇప్పుడు మోకాలెత్తు ఉన్నది, ముండ్లు ఇప్పుడిప్పుడే గట్టివడుతున్నయ్. మొన్న రాత్రి వచ్చినయ్, అడుగుల జాడ సుట్టు తిరిగినట్టు ఉన్నది. మూల మీద నీళ్ల కాలువ కోసం ఇడిసిన సందుల నుంచి రెండు లోపలికి దూరి నాలుగు సాళ్లు తవ్వినయ్. మిగతాది నిలవడ్డది. ఆ సందుకు కంప కొట్టిన.

నల్లగొండ షూటర్ అక్క చెప్పినట్టు ఒక ఎయిర్ రైఫిల్ తీసుకున్న. గోడకు మట్టి బస్తాలు పెట్టి కాగితం మీద కొడుతున్న. పది మీటర్ల మీద పది తూటాలు బత్తాయి కాయ లోపల పెడుతున్న. కాక నాయిన రైఫిల్ కన్న నయమే.

అచ్చంపేట_కాక | డిసెంబర్ 18, రాత్రి 8:50

తుపాకిని అన్నవ్ సరే, మా నాయిన్ని అనకు.

నల్లగొండ_షూటర్ | డిసెంబర్ 19, ఉదయం 7:05

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. బత్తాయి దగ్గర ఆగకండి. ఎప్పుడన్నా హైదరాబాద్ వస్తే చెప్పండి, రేంజి చూపిస్తా.

కోయిలకొండ_రైతు | డిసెంబర్ 19, ఉదయం 10:40

కొత్త సభ్యుణ్ని. మా దగ్గర గూడ ఇదే బాధ. అన్నా, కుసుమ విత్తనం ఎక్కడ దొరికింది? ముండ్లున్న రకమే కావాలె, మా దుకాణపాయన ముండ్లు లేని రకం ఇస్త అంటున్నడు, కోసుకోను అల్కగ ఉంటదట.

చందంపేట_రైతు | డిసెంబర్ 19, మధ్యాహ్నం 1:15

ముండ్లు లేనిది తీసుకోకు, పందికి విందు పెట్టినట్టే. నేను తాండూరు దిక్కు మా చుట్టాల దగ్గర నుంచి తెప్పించిన. కోసేటప్పుడు కూలోళ్లు రామంటరు, చేతులకు గుడ్డలు చుట్టుకొని మేమే కోసుకోవాలె. ఎంత కావాల్నో చెప్పు, వచ్చే ఏడుకు ఇత్తనం ఉంచుత.